చదువు చెప్పడానికి టీచరెందుకు?

చదువు చెప్పడం వచ్చినవాళ్ల చేతే చదువు చెప్పించాలనడం ఒక పాతకాలపు మూఢనమ్మకం. ఈ మాట నేను పూర్తి బాధ్యతతో, కోకాపేటలో ముప్ఫయ్యో అంతస్తు బాల్కనీలో కూర్చుని కాఫీ తాగుతూ చెబుతున్నాను.

మీరే ఆలోచించండి. టీచర్ అనేవాడికి ఏం వచ్చు? పాఠం చెప్పడం వచ్చు. అంతే! క్లయింట్ మొహం ఎప్పుడైనా చూశాడా? అప్రైజల్ అంటే ఏమిటో తెలుసా? ఒక్క ఏసీ గదిలోనైనా కూర్చుని ఇంకో ఏసీ గదిలో ఉన్నవాళ్లతో మాట్లాడాడా? చిన్నపిల్లలంటే పాపం, ఎవరేం చెప్పినా వింటారు. పెద్దవాళ్లకు చదువు చెప్పాలంటే అనుభవం ఉండాలి. ఏ అనుభవమైనా పరవాలేదు, చదువు చెప్పిన అనుభవం ఒక్కటి తప్ప.

మా ఐటీ కారిడార్ ఈ సత్యాన్ని ఎప్పుడో కనిపెట్టింది. సాయంత్రమైతే ఇక్కడ పెద్దవాళ్లంతా ఏదో ఒకటి నేర్చుకుంటూనే ఉంటారు. వంతెనలు కట్టిన ఇంజనీరు పైథాన్ నేర్పుతాడు. పైథాన్ రాసి రాసి నడుం పట్టేసినాయన యోగా నేర్పుతాడు. యోగా నేర్చుకున్నావిడ షేర్ మార్కెట్ నేర్పుతుంది. షేర్ మార్కెట్లో చేతులు కాల్చుకున్నాయన ‘జీవితంలో గెలవడం ఎలా’ అని వీకెండ్ క్లాసు పెడతాడు, హాలు నిండిపోతుంది. ఎవరి పని వాళ్లు చేసుకుంటూ కూర్చుంటే ఇంత విజ్ఞానం చేతులు మారేదా?

“అలాగైతే రేపటి నుంచి వంటకు వంట రానివాణ్ణి పెట్టుకోండి” అంది మా ఆవిడ బాలాత్రిపురసుందరి. ఆవిడ మాట నేను పట్టించుకోలేదు. ఆవిడది కేవలం వంటింటి బ్యాక్‌గ్రౌండ్.

నిజం చెప్పొద్దూ, పంచాయతీరాజ్ శాఖలో సూపరింటెండెంటుగా చేసి రిటైరైనవాణ్ణి కదా, మొదట్లో నాకూ కొంచెం సందేహం ఉండేది. మా గేటెడ్ కమ్యూనిటీలో ‘అక్షర స్ప్రింట్’ అనే చదువు పథకం జరిగిన తీరు కళ్లారా చూశాక అది పటాపంచలైంది.

ఈ మహత్తర పథకానికి మూలకారణం ఎల్లమ్మ. మా టవర్లో మెట్లు, కారిడార్లు తుడుస్తుంది. ఆమె పనిచేసే హౌస్‌కీపింగ్ ఏజెన్సీ వాళ్లు కొత్తగా ఫోన్లో ఒక యాప్ పెట్టారు. మెట్లు తుడిచాక ‘మెట్లు’ అని ఉన్నచోట నొక్కాలి, లిఫ్ట్ తుడిచాక ‘లిఫ్ట్’ అని ఉన్నచోట నొక్కాలి. అంతా తెలుగులోనే. ఉగాదిలోపు అది చదవడం రానివాళ్లను యాప్ లేని మియాపూర్ సైటుకు పంపేస్తామని చెప్పారు.

ఎల్లమ్మ ఉండేది ఖాజాగూడలో. రెండింటికి డ్యూటీ దిగి షేర్ ఆటో ఎక్కితే, కోడలు కళ్యాణి హాస్టల్ వంటపనికి బయల్దేరేలోపు ఇల్లు చేరుతుంది. మనవరాలిని అత్త చేతిలో పెట్టి కోడలు పనికి పోతుంది. ఎల్లమ్మ మియాపూర్ పోతే ఈ అమరిక చెడిపోతుంది. ఇద్దరిలో ఒకరు పని మానాలి.

అందుకని ఆమె ఒకరోజు లిఫ్ట్ దగ్గర మా అసోసియేషన్ కార్యదర్శి అవినాష్‌ను ఆపింది. “సార్, మీరందరు గింత పెద్ద చదువులు సదివిండ్రు. నాకు జర నాలుగక్షరాలు నేర్పుండ్రి” అంది.

అవినాష్ ఒక పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలో ప్రాజెక్టులు గడువులోపు పూర్తి చేయించే డెలివరీ హెడ్. మనసు వెన్న. అక్కడికక్కడే ఒప్పుకున్నాడు. వారం తిరిగేసరికి పథకానికి పేరు, లోగో, టీ షర్టులు వచ్చేశాయి. సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్ వాళ్లలో చదువు రానివాళ్లందరికీ శని, ఆదివారాల్లో క్లబ్ హౌస్‌లో క్లాసు. ట్యూటర్లుగా చేరడానికి మా టవర్లలోని ప్రముఖులు పోటీ పడ్డారు. క్లౌడ్ ఆర్కిటెక్టులు, ప్రొడక్ట్ మేనేజర్లు, ఒక రిస్క్ కన్సల్టెంట్! అఆఇఈలకు ఇంతమంది మేధావులు కాపలా కాయడం ఎక్కడైనా చూశారా?

మొదటి క్లాసు హెచ్ఆర్ రంగంలో ఉన్న ప్రశాంతి తీసుకుంది. అందరినీ కళ్లు మూసుకోమంది. ఐదేళ్ల తర్వాత మీరు ఎక్కడున్నారో ఊహించుకోండి అంది. తెల్లారుజామున లేచి వచ్చిన ఎల్లమ్మ చక్కగా నిద్రపోయింది. కాసేపాగి ప్రశాంతి భుజం తట్టింది.

“ఎక్కడున్నారు ఎల్లమ్మా?”

“పదో అంతస్తుల ఉన్నమ్మా. ఇంక కిందివి కడగాలె” అంది ఎల్లమ్మ ఉలిక్కిపడి.

ప్రశాంతి చాలా సంతోషించింది. కెరీర్ మీద ఇంత స్పష్టత తన ఆఫీసులో ఎవరికీ లేదని నాతో చెప్పింది.

తర్వాత తేజ వచ్చాడు. డేటా సైంటిస్టు. తెలుగు అక్షరాలన్నీ చూసి, ఇన్ని ఎందుకని ఆశ్చర్యపోయాడు. ఏ అక్షరం ఎన్నిసార్లు వాడతారో లెక్క తీశాడు. వాడకం తక్కువ ఉన్నవాటిని తీసేయమన్నాడు. ఎల్లమ్మ పేరులో ‘అ’ లేదు కనుక ఆమెకు ‘అ’తో పనిలేదని తేల్చాడు. ఇన్నేళ్లుగా ‘అ’తోనే మొదలుపెట్టి మనం ఎంత కాలం వృథా చేశామో!

ఇక అవినాష్ క్లాసుల్లో ఎవరూ కూర్చోకూడదు. గుండ్రంగా నిలబడాలి. నిన్న ఏం నేర్చుకున్నారు, ఇవాళ ఏం నేర్చుకుంటారు, అడ్డంకులేమిటి, ఇవి మూడూ ఒక్కొక్కరే చెప్పాలి. ఎల్లమ్మ వంతు వచ్చింది.

“నిన్న ఏం నేర్వలే సార్. ఇయ్యాల గూడ గంతనే ఉన్నది. కాళ్లు గుంజుతున్నయ్, జర కూసోవచ్చా?”

‘అడ్డంకి: కుర్చీ’ అని అవినాష్ శ్రద్ధగా నోట్ చేసుకున్నాడు. కుర్చీ సమస్య పరిష్కారానికి ఒక సబ్ కమిటీ కూడా వేశాడు.

అంతా ఇంత సవ్యంగా సాగుతుండగా మా పక్క ఫ్లాట్ ఉమాశ్రీ గారు ట్యూటర్‌గా చేరతానని వచ్చారు. ఆవిడది సామర్లకోట. ఉద్యోగమంతా మునిసిపల్ స్కూల్లో ఒకటో తరగతికి పాఠాలు చెప్పడంతోనే గడిచింది. రిటైరై ఇక్కడ కూతురి దగ్గర ఉంటున్నారు. అవినాష్ ఆవిడను ఎంతో మర్యాదగా ఇంటర్వ్యూ చేశాడు. పక్కనే నేనూ ఉన్నాను.

“ఆంటీ, మీ బ్యాక్‌గ్రౌండ్?”

“టీచర్నండి. ఒకటో తరగతి.”

“గుడ్, గుడ్. దానికి ముందు?”

“ముందు కూడా ఒకటో తరగతేనండి.”

“ఇండస్ట్రీ ఎక్స్‌పోజర్ ఏమైనా...?”

“మా స్కూలు గోడవతలే రైసుమిల్లు ఉండేదండి. ఊక ఎగిరొచ్చి పిల్లల కళ్లల్లో పడుతుండేది” అన్నారు ఆవిడ, సాయం చేద్దామన్న తపనతో.

అవినాష్ చాలాసేపు ఆలోచించాడు. పెద్దావిడను నొప్పించడం ఇష్టంలేక స్నాక్స్ కమిటీలో వేశాడు.

పాఠక మహాశయులారా, ఇక్కడే చిన్న అపశ్రుతి దొర్లింది. ఉమాశ్రీ గారు మిర్చి బజ్జీల పళ్లెంతో పాటు నాలుగు పలకలు, బలపాలు కూడా తెచ్చేవారు. క్లాసు మధ్య విరామంలో ఎల్లమ్మ పక్కన కూర్చుని, “ముందు తినమ్మా, తర్వాత చూద్దాం” అనేవారు. తిన్నాక ఆమె చెయ్యి పట్టుకుని పలక మీద దిద్దించేవారు. ఎంత పాత పద్ధతి! రోడ్‌మ్యాప్ లేదు, స్లైడ్ లేదు. తప్పు రాస్తే చెంగుతో తుడిచేసి మళ్లీ రాయించడమే!

కొన్ని వారాలకు ఎల్లమ్మ తన పేరు రాసింది. ఆ పలకను వీపు వెనక దాచుకుని తీసుకొచ్చి మా ఆవిడకు చూపించి, మొహం తిప్పుకుని నవ్వింది. ‘మ’ కింద వత్తు కొంచెం పక్కకు పోయింది. మా ఆవిడ మాత్రం కళ్లు తుడుచుకుంది.

ఎవరికి ఎన్ని అక్షరాలొచ్చాయో చూపే తేజ డాష్‌బోర్డులో ఇది వెంటనే కనబడింది. క్లాసు ముందు రాని అక్షరాలు విరామం తర్వాత వస్తున్నాయి! కారణమేమిటి? ట్యూటర్లంతా అత్యవసరంగా సమావేశమై, డేటాను నాలుగు వైపుల నుంచీ పరిశీలించి, చివరికి కనిపెట్టారు. బజ్జీ!

దాంతో బజ్జీల సంఖ్య పెంచారు. క్లాసు మొదట్లోనే పొట్లాలు కట్టి పంచేశారు. విరామంతో ఇక అవసరం లేదు కనుక ఎత్తేశారు. పొట్లాలు కట్టడం క్యాటరింగ్ వాళ్లకు అప్పజెప్పి ఉమాశ్రీ గారికి విశ్రాంతి ఇచ్చారు. ఆ తర్వాత ఎల్లమ్మకు కొత్త అక్షరం ఒక్కటీ రాలేదు. బజ్జీల్లో నూనె మారి ఉంటుందని తేజ అనుమానం.

ఉగాది దగ్గర పడింది. అసోసియేషన్ మీటింగ్ పెట్టారు. అజెండాలో రెండే అంశాలు. ఒకటి, క్లబ్ హౌస్‌లో పిల్లలకు ఈత నేర్పే కోచ్ మానేశాడు కాబట్టి కొత్తవాణ్ణి చూడాలి. రెండు, ఎల్లమ్మ బదిలీ.

మొదటి అంశం రాగానే నేను ఉత్సాహంగా లేచాను. కోచ్ కోసం బయట వెతకడమెందుకు, మన తేజ ఉన్నాడుగా అన్నాను. ఈత మీద బోలెడు వీడియోలు చూశాడు. ఏ పిల్లాడు ఎంత లోతులో ఉన్నాడో గ్రాఫ్ గీయగలడు. మొదటి రోజు ప్రశాంతి వచ్చి పిల్లల చేత కళ్లు మూయించి, ఐదేళ్ల తర్వాత ఒడ్డున ఉన్నట్టు ఊహించుకోమంటుంది.

హాలంతా ఒక్కసారి లేచింది!

“సార్, జోకులా? పిల్లలండీ! నీళ్లు!” అన్నాడు అవినాష్. ఆయన కూతురు కూడా ఆ క్లాసులోనే ఉంది. “ఈత నేర్పడం తెలిసినవాడే కావాలి. ఎన్నేళ్లు నేర్పాడో అడగాలి. ఎవరికి నేర్పాడో వాళ్లతో మాట్లాడాలి. ఇందులో కాంప్రమైజ్ లేదు.”

బయట వేచి ఉన్న మహేందర్ అనే కోచ్‌ను లోపలికి పిలిచారు. బ్యాక్‌గ్రౌండ్ ఏమిటని అడిగారు.

“చిన్నప్పటి సంది గిదే పని సార్. పోరలకు ఈత నేర్పిస్త. ఇంకేం రాదు నాకు” అన్నాడతను చేతులు కట్టుకుని.

ఇంకేం రాదు! ఆ మాటకు హాలంతా చప్పట్లు కొట్టింది. తల్లుల మొహాల్లో ఎంత నిశ్చింతో! అతన్ని అప్పటికప్పుడే పనిలోకి తీసుకున్నారు.

రెండో అంశం తొందరగానే తెమిలింది. ఎల్లమ్మకు యాప్ చదవడం రాలేదు, ఏజెన్సీ వాళ్లు మియాపూర్ పంపుతున్నారు. మనం చేయగలిగిందంతా చేశాం, ఆమెలోనే మోటివేషన్ తక్కువైంది అని ప్రశాంతి బాధపడింది. అప్పుడు ఉమాశ్రీ గారు లేచి నిలబడ్డారు.

“ఆ ఈత అబ్బాయిలాగే నాకూ ఇంకేం రాదండి. అక్షరాలు దిద్దించడమే వచ్చు. ఏజెన్సీ వాళ్లను ఒక్క నెల ఆగమనండి. రోజూ అరగంట ఎల్లమ్మను నా దగ్గర కూర్చోబెట్టండి, చాలు.”

“సో స్వీట్ ఆంటీ” అన్నాడు అవినాష్. “కానీ ఫేజ్ వన్ క్లోజ్ చేసేశాం. అవార్డు వాళ్లకు రిపోర్ట్ కూడా వెళ్లిపోయింది.”

ఉమాశ్రీ గారు కూర్చున్నారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నాకు ఒళ్లు మండింది. మండినా, ఆలోచిస్తే వాళ్లదే న్యాయమనిపించింది. మన పిల్లలు నీళ్లలో దిగుతారు, కాబట్టి నేర్పేవాడికి ఈత వచ్చి తీరాలి. అక్షరాలు రానంత మాత్రాన ఎవరూ మునిగిపోరు కదా! మునిగినా ఖాజాగూడలో మునుగుతారు. మా క్లబ్ హౌస్‌లో కాదు.

మర్నాడు ఉదయం పాల ప్యాకెట్ కోసం గేటు దాకా వెళ్లాను. ‘అక్షర స్ప్రింట్’కు ఏదో అవార్డు వచ్చిందట, ఆ తెల్లవారుజామునే ఫ్లెక్సీ కట్టారు. దాని మీద ట్యూటర్లంతా టీ షర్టుల్లో నవ్వుతున్నారు. మధ్యలో ఎల్లమ్మ పెద్ద ఫొటో. ఆ ఫొటో ఎదుటే అసలు ఎల్లమ్మ టిఫిన్ సంచి పట్టుకుని నిలబడి ఉంది. మియాపూర్ డ్యూటీకి అదే మొదటి రోజు, ఇక్కడి గేటు పాసు అప్పజెప్పి పోదామని వచ్చిందట. కోడలు హాస్టల్ పని మానేసిందని చెప్పింది.

“నా ఫొటో కింద ఏం రాసిండ్రు సార్? మొదలు నా పేరున్నది, అది ఎరుకైంది. ఆయెన్క ఏమున్నది?”

చదివాను. “‘ఎల్లమ్మ: ఇప్పుడు నేను అన్నీ చదవగలను.’”

ఆమె ఫ్లెక్సీ వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది.

“గట్ల నేనెప్పుడన్న సార్?”

ఇంతలో మలుపు దగ్గర బస్సు కనబడింది. అది మియాపూర్ పోతుందో లేదో జర బోర్డు చూసి చెప్పమంది. చూసి చెప్పాను. ఆ మాత్రం బ్యాక్‌గ్రౌండ్ నాకుంది.