కాకులకు కార్జం

ఆ రోజు పొద్దున సింధుజ వేసుకున్న పథకం చాలా చిన్నది. బాన్సువాడ కాలువ గట్టు మీది కాకులన్నింటికీ కడుపు నిండా టిఫిన్ పెట్టాలి. అంతే. మిగతాది కాకులే చూసుకుంటాయి.

"కాకులకేమో కార్జం వేపుడు, నాకేమో ఉప్మానా?" అన్నాడు భర్త నవనీత్, స్కూటర్ మీద కూర్చుని ఆవలిస్తూ.

"నీకు మధ్యాహ్నం మటన్ ఉన్నది గదా. ఊకో," అంది సింధుజ, డబ్బా మూత తీస్తూ.

తల్లి లేని సింధుజను పెంచి పెద్ద చేసిన అమ్మమ్మ గంగమణి ఈ మధ్యే పోయింది. ఆ రోజు పెద్ద దినం. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి, విస్తరిలో పెట్టి, దూరంగా జరిగి నిలబడతారు. కాకి వచ్చి ముడితే ఆ మనసు చల్లబడినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయినట్టు. దాన్ని తీరుస్తామని ఎవరో ఒకరు గట్టిగా మాట ఇవ్వాలి. కాకి ముట్టేదాకా ఎవరూ మెతుకు తినకూడదు. పక్కనే మటన్ ఉడుకుతుండగా ఈ నియమం పాటించడం ఎంత కష్టమో సింధుజకు తెలుసు. ఆమె పథకమంతా ఆ కష్టం మీదే నిలబడింది.

గంగమణికి మిగిలిన కోరిక ఏమిటో సింధుజకే కాదు, చుట్టాలందరికీ తెలుసు. దవాఖానలో మంచం మీద నుంచి గంగమణి అందరి ముందూ చెప్పింది. "నా బంగారు గుండ్ల దండ సింధుజకే. ఏసుకుంటదో, అమ్మి దుకాణమే పెట్టుకుంటదో, దాని ఇష్టం." తీరా ఆమె పోయాక పెట్టె తెరిస్తే దండ లేదు. ఆ పెట్టె తాళంచెవి మొలతాడుకు కట్టుకుని తిరుగుతున్న మేనమామ దేవిదాస్ మాత్రం, "అవ్వ ఎన్నడో పారేసుకొని ఉంటది. యాది తక్కువాయె," అన్నాడు. చుట్టాలందరూ నేల వైపు చూశారు. దండ అక్కడ కూడా లేదు.

బస్టాండ్ దగ్గర చందూలాల్‌ది ఒక గది ఖాళీగా ఉంది. అందులో మగ్గం పని, జాకెట్లు కుట్టే దుకాణం పెట్టాలని సింధుజ ఆశ. "పున్నమి దాక ఆగుత బిడ్డా, అది దాటితే ఇంకొకలకిస్త," అన్నాడాయన. పున్నమి ఎల్లుండే.

"వకీల్ సాబును అడుగుదాం," అని నవనీత్ ముందే అన్నాడు.

"కోర్టుకెక్కితే గుండ్లు నాకు రావు. నా మనవరాలికి వస్తయి," అంది సింధుజ.

అందుకే ఈ కార్జం. కడుపు నిండిన కాకి విస్తరి ముట్టదు. కాకి ముట్టకపోతే చుట్టాలకు ఆకలవుతుంది. ఆకలైతే నిజం మాట్లాడతారు. అప్పుడు సింధుజ తల వంచుకుని, "అవ్వ పాణం గుండ్ల మీద ఉన్నదేమో," అని ఒక్క మాట అంటుంది. ఆ మాటను ఆమె అద్దం ముందు నాలుగైదు రకాలుగా అని చూసుకుంది కూడా.

కాకులు బంధుమిత్రులతో సహా వచ్చాయి. వాటిలో ఒక బలిసిన కాకి మొహమాటం మాని ఆమె చెప్పుల దాకా నడిచి వచ్చి ముక్క అందుకుంది. తిన్నాక కూడా వెళ్లకుండా, ఇంకేముంది అన్నట్టు మెడ వంచి చూసింది. సింధుజ మిగిలిన ముక్కలతో సహా డబ్బాను హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని స్కూటర్ ఎక్కింది.

ఎండ ఎక్కేసరికి గట్టు పక్కన షామియానా కింద చుట్టాలు చేరారు. గంగమణి తమ్ముడు గంగయ్య తాత విస్తరి పెట్టించాడు. మటన్, బగారన్నం, గారెలు, ఆమెకు ఇష్టమని ఒక బీడీ కట్ట కూడా. అందరూ వెనక్కి జరిగి చేతులు కట్టుకున్నారు. కాకులు కరెంటు తీగ మీద వరుసగా కూర్చుని, పెళ్లిలో రెండో పంక్తి పిలుపు వచ్చినా లేవలేని వాళ్లలా చూశాయి. ఒక్కటి కూడా దిగలేదు.

"అక్క మనసుల ఏదో ఉన్నది," అన్నాడు గంగయ్య తాత. "ఎవలకన్న ఎరుకుంటే చెప్పుండ్రి."

సింధుజ తల వంచుకుంది. గొంతు సవరించుకుంది. అంతలో గంగయ్య మనవడు బాలరాజ్ ముందుకు దూకాడు. ఆకలికి అతను ఎప్పుడూ తట్టుకోలేడు.

"పెద్దవ్వా! నీ రాగి గంగాళం నేనే తీస్కపోయిన! రేపే తెచ్చిస్త!"

కాకి కదల్లేదు. గంగమణి పక్కింటి స్నేహితురాలు దేవ్లి కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "గంగమణక్కా, నీ తెల్లకోడి మా ఇంట్లనే గుడ్లు పెడ్తున్నది. తానే వచ్చింది గదా అని సప్పుడు చేయలే. రేపే తోలిస్త."

ఆ తర్వాత దుప్పటి బయటపడింది. రోలు బయటపడింది. ఎప్పుడో పోయిందనుకున్న టార్చిలైటు బయటపడింది. గంగమణి ఇల్లు సగం కాలువ గట్టు మీదే దొరికింది. సింధుజ నోరు తెరిచినప్పుడల్లా ఎవరో ఒకరు ఇంకో సామానుతో అడ్డుపడ్డారు. గుండ్ల ఊసు మాత్రం లేదు. మటన్ చల్లారుతోంది.

దేవిదాస్ ఇదంతా చూశాడు. ఏ పని జరిగినా ముందు తనకొక కుర్చీ వెతుక్కునే మనిషి, ఇప్పుడు ఆ కుర్చీలోంచి నిదానంగా లేచాడు.

"మీకెవలకు సమజ్ గాలే. అవ్వకు సామాన్ల ఫికర్ లేదు. ఫికరంత గా సింధుజ మీదనే. ఆడపిల్ల ఇల్లిడిసి బజార్ల దుకాణం పెడ్తదంటే అవ్వ మనసు ఎట్ల నిమ్మలమైతది? నవనీతూ, నా భార్యను దుకాణం పెట్టనియ్యనని ఒక్క మాట అను. కాకి ఎట్ల దిగదో చూస్త."

"గదేంది మామా!" అంది సింధుజ. "అవ్వనే గదా పెట్టుకొమ్మన్నది!"

కానీ అప్పటికి అందరి కళ్లూ నవనీత్ మీద పడ్డాయి. అవన్నీ ఆకలి కళ్లు. బాలరాజ్ అతని భుజం పట్టుకుని, "అనేయి బావా, నీ కాళ్లు మొక్కుత. ఒక్క మాటనే గదా," అన్నాడు. పొద్దున తిన్న ఉప్మా ఎప్పుడో అరిగిపోయిన నవనీత్ ధైర్యం అక్కడితో చాలించుకున్నాడు.

"అవ్వా! సింధుజ దుకాణం పెట్టది! ఇగ దిగు అవ్వా!"

సింధుజ భర్తను చూసిన చూపుకు ఆ కార్జం మళ్లీ వేగేది. సరిగ్గా అప్పుడే తీగ మీంచి బలిసిన కాకి దిగింది.

"దిగింది! దిగింది!" అని గోల. ఇప్పుడది విస్తరి ముట్టిందంటే, దుకాణం వద్దని చనిపోయిన అమ్మమ్మే చెప్పినట్టు. ఇక ఆ మాటను ఏ వకీలూ తిప్పలేడు. పొద్దున అంత మేపాను, ఒక్క పూట ఓర్చుకోవే తల్లీ అని ఆమె లోలోపలే బతిమాలుకుంది.

కాకి విస్తరి దాకా నడిచింది. మటన్‌ను ఒకసారి చూసింది. పక్కనుంచి తప్పుకుని, గంగయ్య తాతను దాటి, తిన్నగా సింధుజ చెప్పుల దగ్గరకొచ్చి, ఆమె హ్యాండ్‌బ్యాగు వైపు మెడ ఎత్తి "కావ్" మంది. అది చూసి తీగ మీది మిగతావన్నీ దిగాయి. చూస్తుండగానే సింధుజ చుట్టూ నల్లగా ఒక పేరంటం కూడింది.

గంగయ్య తాత చేతులు జోడించాడు. "అక్కా! మనవరాలి కాడికే వచ్చినవా! దీనికి అన్యాయమైతున్నదని చెప్పనీకె వచ్చినవా!"

"దుకాణం వద్దన్నందుకు కోపమొచ్చింది పెద్దవ్వకు," అన్నాడు బాలరాజ్, నవనీత్ భుజం మీంచి చెయ్యి తీసేస్తూ.

"దీనికి ఇయ్యాల్సింది ఎవలో ఇయ్యలే," అంది దేవ్లి, దేవిదాస్‌నే చూస్తూ.

"కాకిని పట్టుకొని అక్క అంటవేంది మామా! నీకు ఎండ దెబ్బ తగిలింది. హుష్!" అంటూ దేవిదాస్ చెప్పు తీసి విసిరాడు. అది ఎవరికీ తగల్లేదు. కానీ కాకులది ఒక్కటైన జాతి. చెప్పు తమ మీదికే వచ్చిందని అవి వెంటనే గ్రహించాయి. మొదటి కాకి అతని తల మీద టక్కున ఒకటి పొడిచింది. రెండోది అదే చోటు సరిచూసింది. దేవిదాస్ కండువా తిప్పుతూ షామియానా చుట్టూ పరుగెత్తాడు. కాకులు మలుపుల్లో కూడా వదల్లేదు.

"ఇస్తనే అవ్వా! ఇస్తనే! నీ గుండ్లు సింధుజకే ఇస్త! బియ్యం డబ్బాల ఉన్నయి! తలకాయ ఇడువు అవ్వా!"

దేవిదాస్ భార్య బక్కమ్మ తాపీగా అంది. "బియ్యం డబ్బాల లేవు."

"లేకపోవుడేందే?" అన్నాడు దేవిదాస్, బల్ల కింద నుంచి.

"నిన్ననే తీసిన. బియ్యంల దాస్తే ఇంట్ల వండేదెవలనుకున్నవ్?" బక్కమ్మ కొంగు ముడి విప్పింది. గంగమణి గుండ్ల దండ ఎండలో తళుక్కుమంది. ఆమె దాన్ని సింధుజ చేతిలో పెట్టి మూసింది. "అత్తమ్మ మాట నేను చెవులార ఇన్న. ఈయనకు తెల్వకుంట నీకిద్దామని ఇయ్యాల చీకట్లనే మీ ఇంటికొచ్చిన బిడ్డా. తాళమేసి ఉన్నది. గంత పొద్దుగాల ఏడికి పోయిన్రే మీరిద్దరు?"

సింధుజ హ్యాండ్‌బ్యాగు జిప్పు నెమ్మదిగా మూసింది. "వాకింగుకు అత్తా."

నవనీత్‌కు దగ్గు వచ్చింది.

"మరి పిట్ట ముట్టినట్టా, ముట్టనట్టా?" అన్నాడు బాలరాజ్ ఏడుపు గొంతుతో.

"అక్క మనసు సల్లబడ్డదిరా. వడ్డియ్యి," అన్నాడు గంగయ్య తాత. గంగమణి విస్తరిని ఆ తర్వాత ఏ పక్షి ముట్టిందో ఎవరూ చూడలేదు. అందరూ తమ తమ విస్తర్ల ముందు ఉన్నారు.

సింధుజ దండలో సగం గుండ్లు అమ్మింది, సగం మెడలో వేసుకుంది. పున్నమి రోజునే చందూలాల్ గది తలుపులు తెరుచుకున్నాయి. కాలువ గట్టు మీద ఇచ్చిన మాటకు శిక్షగా నిచ్చెన ఎక్కి బోర్డు కట్టింది నవనీతే. మొదటి జాకెట్టు గుడ్డ బక్కమ్మది. ఆమె వెనకే, పిలవకపోయినా, దేవిదాస్ మోటార్‌సైకిల్ దిగి గుమ్మం బయట నిలబడ్డాడు. అతన్ని చూసి సింధుజ ఒక్క క్షణం ఆగింది. తర్వాత పళ్లెం అందించింది.

"రా మామా. అవ్వ లేదాయె, పెద్దోనివి నువ్వే. కొబ్బరికాయ నువ్వే కొట్టాలె."

దేవిదాస్ కళ్లలో నీళ్లు తిరిగాయి. తల ఎత్తి ఎదురుగా ఉన్న కరెంటు తీగను ఒకసారి చూసి, హెల్మెట్ తీయకుండానే కొబ్బరికాయ కొట్టాడు.