మంగళవారం పేషెంటు

కిందటిసారి దుర్గయ్య కుంటింది ఎడమ కాలా, కుడి కాలా అన్న విషయం మీద ఛత్రినాకలోని ఆ ఇంట్లో ఉదయం ఐదింటికి మొదలైన వాదన ఏడైనా తెగలేదు.

"కుడిదేరా తమ్మీ. గీ రెండు కండ్లతోని చూసిన" అంది అక్క నాగమణమ్మ.

"నా కాలు నాకు తెల్వదా ఏంది?"

"నీకు తెల్వకున్నా ఏం గాదు. ఎదురింటి వైకుంఠానికి తెలుసు. ఆయన ముంగట కుడిదే కుంటినవ్."

"లొల్లెందుకు బాపూ, రెండు కాళ్లు కుంటు" అని కొడుకు జగదీశ్వర్ సవరణ ప్రతిపాదించాడు. సవరణ ఆమోదం పొందింది.

పాఠకులు కంగారు పడనక్కర్లేదు. దుర్గయ్య మోకాళ్లు రెండూ భేషుగ్గా ఉన్నాయి. జబ్బు ఆయన భార్య లీలమ్మది. నాలుగు నెలల కింద ఆమె కుడి రొమ్ముకు క్యాన్సర్ ఆపరేషన్ అయింది. తర్వాతి బాగోగులు చూడటానికి ఆస్పత్రివాళ్లు రెండు వారాలకోసారి, మంగళవారం పూట, సిస్టర్ సుశీలను ఇంటికే పంపుతున్నారు.

నర్సు ఇంటికొస్తే గల్లీకి కారణం చెప్పాలి. క్యాన్సరన్నది మర్యాదస్తుల ఇళ్లలో పలికే మాట కాదు. అందులోనూ ఆడమనిషికి, అందులోనూ ఆ చోట. కాబట్టి కుటుంబం సమావేశమై, పైకి చెప్పుకోదగ్గ జబ్బులన్నిటినీ పరిశీలించి, మోకాళ్ల నొప్పిని ఎంపిక చేసింది. పేషెంటుగా ఇంటి పెద్ద దుర్గయ్యను ఏకగ్రీవంగా ఎన్నుకుంది. లీలమ్మను ఎవరూ అడగలేదు. ఆమె అప్పుడు బియ్యం కడుగుతోంది.

దుర్గయ్య బాధ్యత నుంచి తప్పించుకునే మనిషి కాదు. ముప్పై ఏళ్లు సర్కారు గోదాములో పని చేసి రిటైరైనవాడు. తనిఖీకి అధికారి వస్తే చినిగిన బస్తా వెనక్కి, నిండు బస్తా ముందుకి జరపాలన్నది ఆయనకు ఉద్యోగం నేర్పిన విద్య. మంగళవారం వచ్చిందంటే మేలో కూడా దుప్పటి కప్పుకుని కుర్చీలో కూర్చునేవాడు. పరామర్శకు వచ్చినవాళ్లు ఆపిల్ పండ్లు, కొబ్బరి బొండాలు తెచ్చేవారు. పేషెంటుకని తెచ్చినవి పేషెంటే తినాలి గదా. నాలుగు నెలల్లో ఆయన మూడు కిలోలు పెరిగాడు. ఇంటి వైద్యం గుణమిస్తోందని గల్లీ అంతా చెప్పుకుంది.

వచ్చినవాళ్లు ఊరికే పోరు. సిస్టర్ సంచిలో బీపీ మిషన్ ఉందన్న వార్త శాలిబండ దాకా పాకింది. వైకుంఠం ఎనిమిదింటికే చొక్కా చేయి మడుచుకుని కూర్చునేవాడు. ఇంతమందికీ చాయ్ కావాలి. చాయ్ పెట్టేది, మీరు సరిగ్గానే ఊహించారు, లీలమ్మ.

గాయం చూడటానికి సిస్టర్‌కు వెనక గదిలో ఐదు నిమిషాలు దొరికేవి. అందులో నాలుగు నిమిషాలు నాగమణమ్మ నడుం నొప్పి చరిత్రకే సరిపోయేవి. మిగిలిన ఒక్క నిమిషంలో లీలమ్మ చెప్పాలనుకున్న మాట ఒకటుంది. మూడు వారాలుగా ఆమె కుడి చేయి బరువెక్కి ఉబ్బుతోంది. గాజులు మణికట్టు దగ్గర బిగుసుకుని తిరగడం మానేశాయి. కిందటిసారి నోరు తెరిచేలోపే బయటినుంచి "చాయ్ ఏమాయె?" అన్న పిలుపు వచ్చింది.

ఇంట్లో చెప్పకపోలేదు. నాగమణమ్మ ఆ చేతిని ఆసాంతం పరిశీలించి, "ఒళ్లు చేసినవ్ లీలా! చూడు, ఎంత నిండుగున్నదో. దిష్టి తగుల్తది" అని మురిసిపోయి, లాడ్ బజార్ నుంచి తెచ్చిన గాజులు ఇంకో ఆరు సబ్బు రాసి మరీ ఎక్కించింది.

ఆ ఉదయం సిస్టర్ సుశీల వచ్చి కాగితం తీసింది. "అమ్మ ఏది?"

"చాయ్ పెడ్తున్నది సిస్టర్. అడుగుండ్రి, నేను చెప్త."

"జ్వరం?"

"నిల్."

"నొప్పి?"

దుర్గయ్య వైకుంఠం వైపు చూసి, రెండు మోకాళ్లూ పట్టుకుని మూలిగాడు.

"చేతికి వాపు?"

"నిల్."

"మోకాళ్ల నొప్పికి చేతి వాపెందుకు అడుగుతుండ్రు?" అన్నాడు వైకుంఠం.

"నరాలన్నీ ఒక్కటే గద భాయ్" అన్నాడు దుర్గయ్య.

అప్పుడే లీలమ్మ పళ్లెంలో పది కప్పులతో వచ్చింది. వేళ్లకు పట్టు దొరకలేదు. పళ్లెం ఒరిగి నాలుగు కప్పులు నేల మీద పడ్డాయి.

"చూస్కోవద్దా! కొత్త సెట్టు" అంది నాగమణమ్మ. అందరూ కప్పుల వైపు చూశారు. సిస్టర్ ఒక్కతే చేతి వైపు చూసింది.

"ఎన్ని రోజులైందమ్మా ఇట్లుండి?"

లీలమ్మ అలవాటుకొద్దీ ఇంట్లోవాళ్ల వైపు చూసింది, జవాబు చెప్తారేమోనని. ఈ ప్రశ్నకు జవాబు ఎవరికీ తెలియదు.

"మూడు వారాలు" అంది తనే.

సిస్టర్ ఆమెను వెనక గదిలోకి తీసుకెళ్లి, నాగమణమ్మను బయటే ఉంచి తలుపేసింది. నలభై నిమిషాలు. బయట మడిచిన చొక్కా చేతులు మడిచినట్టే ఉండిపోయాయి. తన నర్సు వేరే మనిషిని చూస్తోందని దుర్గయ్యను నలుగురూ ఓదార్చారు. లోపల సిస్టర్ సబ్బు నీళ్లతో గాజులు ఒక్కొక్కటే తీసింది. ఆ చేత్తో బరువులెత్తొద్దంది, పొయ్యి సెగకు పోవద్దంది, రేపే ఆస్పత్రికొచ్చి కట్టు కట్టించుకోమంది. "ఆపరేషనైన దిక్కు చేతికి వచ్చే వాపే ఇది. ఇప్పుడన్నా చూసిన. ఇంకా ఆలస్యమైతే చెయ్యి ఇట్లనే ఉండిపోవునమ్మా."

గల్లీవాళ్లు వెళ్లిపోయాక, మధ్యాహ్నం అన్నాల దగ్గర, లీలమ్మ గొంతు పెంచకుండా చెప్పింది.

"రేపు దవాఖానకు పోతున్న. వచ్చేసారి సిస్టర్ నా కోసం వస్తది, కుర్సీల నేను కూసుంట. ఎవ్వరడిగినా నాకు క్యాన్సరని చెప్త. చాయ్ ఈయన పెడ్తడు."

దుర్గయ్య అక్క వైపు చూశాడు. జగదీశ్వర్ మజ్జిగ గ్లాసు దించాడు. నాగమణమ్మ లేచి, గల్లీ వైపు కిటికీ మూసి, గడియ పెట్టి, అందరి ముఖాలూ ఒకసారి చూసి, మెల్లగా కుటుంబ నిర్ణయం ప్రకటించింది.

"క్యాన్సరంటవా, చెప్పుకో. మనుషులన్నంక రోగాలొస్తయి. గానీ నా తమ్ముడు చాయ్ పెడ్తుండన్న ముచ్చట మాత్రం గీ ఇల్లు దాటొద్దు."