ఉన్నచోటనే, ఉన్నది ఉన్నట్టుగా

"పారదర్శకత కోసం అవసరమైతే నా కుర్చీని కూడా ఆన్‌లైన్ వేలానికి పెడతాను!" అని పాత సామాను శాఖ మంత్రిగారు గర్జించారు. సభ చప్పట్లతో మారుమోగింది. మర్నాడు పత్రికలన్నీ ఆ మాటను మొదటి పేజీలో వేశాయి, చోటు చాలక 'అవసరమైతే' ఒక్కటీ తీసేసి.

ఆ ఉపన్యాసం రాసింది మంత్రిగారి పియ్యే. పత్రిక చూడగానే అతని నోట్లో కాఫీ నోట్లోనే ఉండిపోయింది. ఈ శాఖలో తప్పు చేసినవాణ్ణి ఊరవతలి గోడౌనుకి బదిలీ చేస్తారు. అక్కడ విరిగిన ఫ్యాన్లు, తుప్పు బీరువాలు, ఇదివరకటి పియ్యే ఉంటారు.

"ఇప్పుడేం చేద్దామయ్యా?" అన్నారు మంత్రిగారు.

"పెట్టేద్దాం సార్. వెనక్కి తగ్గితే పరువు పోతుంది. అయినా కుర్చీయేగా! ఒక కాలు పొట్టిది కూడాను. పోతే పీడా పోతుంది, కొత్తది చేయిద్దాం."

నిజమే, ఆ కుర్చీ ముందు కాలు కింద పోయిన ఎన్నికల ప్రణాళికను నాలుగు మడతలు పెట్టి దూర్చారు. ప్రణాళిక ప్రజాప్రతినిధికి అండగా నిలబడటమంటే అదే మరి.

వెబ్‌సైట్ చూసే అధికారిణి లాప్‌టాప్ పట్టుకుని వచ్చి కూర్చుంది. "సార్, ప్రారంభ ధర ఒకటి, 'వెంటనే కొను' ధర ఒకటి చెప్పాలి."

"ఆ రెండోదేంటమ్మా?"

"ఆ ధర ఎవరైనా కట్టేస్తే వేలం అక్కడితో సరి సార్. ఇంక పాట లేదు, బేరం లేదు. వస్తువు వాళ్ళదే."

"అది తక్కువ పెడితే?"

"ప్రతిపక్షం వాళ్ళు కొని, కుర్చీని వీధులెంట ఊరేగిస్తారు సార్," అన్నాడు పియ్యే.

"ఎక్కువ పెడితే?"

"ఎవడూ కొనడు."

"అయితే అదే పెట్టు! ఎవడూ కొనకపోతే 'ప్రజలు నా కుర్చీని నాకే వదిలేశారు' అని చెప్పుకోవచ్చు."

ఇంత ముందుచూపు ఉన్న నాయకుడి దగ్గర పనిచేయడం తన అదృష్టమని పియ్యే మురిసిపోయాడు. "ఎంత పెట్టమంటారు సార్?"

మంత్రిగారు కాసేపు కళ్ళు మూసుకున్నారు. "ఈ కుర్చీకి నాకెంత పడిందో అంత పెట్టు."

అధికారిణి తలెత్తింది. "ఎంత పడింది సార్?"

"సేవ తల్లీ, సేవ," అని ఆయన పియ్యే చెవిలో ఒక అంకె ఊదారు. ఆ అంకె తెరమీద గడిలో పట్టలేదు. అధికారిణి గడిని పెద్దది చేసింది.

"మరి షరతులు?" అని అడిగింది.

ఇక్కడ పియ్యే తన అనుభవమంతా చూపించాడు. "పాత సామాను వేలాల్లో ఎప్పుడూ రాసే మాటే రాద్దాం. 'ఉన్నచోటనే, ఉన్నది ఉన్నట్టుగా.' ఇంక కాలు పొట్టిదని ఎవడూ పేచీ పెట్టలేడు."

"శభాష్! నువ్వు లేకపోతే నేనేమైపోయేవాణ్ణయ్యా?" అన్నారు మంత్రిగారు.

అసలెవరూ పాడకపోతే బాగుండదని బావమరిదికి కబురు పెట్టారు. చాలాకాలంగా ఏదో ఒక పదవి చూడమని ఆ బావమరిది, చూద్దాంలే అని మంత్రిగారు, ఒకరికొకరు చెప్పుకుంటూనే ఉన్నారు.

"ఒరేయ్, నువ్వు కాస్త పాట పెంచుతూ ఉండు. మన పరువు నీ వేలి మీద ఉంది."

"మీ మాట ఏనాడైనా కాదన్నానా బావా?"

వేలం మొదలైంది. మంత్రిగారు అనుకున్నట్టు జనం మొహం చాటెయ్యలేదు. ఒకడు పెంచితే ఇంకొకడు పెంచాడు. పేర్లు చూస్తే అందరూ సొంత పార్టీవాళ్ళే. "చూశావా, నేనంటే ఎంత అభిమానమో!" అని ఆయన కళ్ళు ఒత్తుకుంటుండగా తెరమీద 'అమ్ముడుపోయింది' అని పడింది. ఎవరో వెంటనే కొనేశారు.

మర్నాడు పియ్యే కుర్చీని తుడిపించి, మోయడానికి ఇద్దరు మనుషుల్ని, కింద ఒక వ్యాన్‌ని సిద్ధంగా ఉంచాడు. తలుపు తోసుకుని బావమరిది వచ్చాడు. కొత్త బట్టలు కట్టాడు. వెనకాల కెమెరాలు.

"నువ్వా కొన్నది!" అన్నారు మంత్రిగారు, కుర్చీలోంచి లేచి.

"ఏం చెయ్యను బావా? ఎంత పెంచినా అవతలవాడు తగ్గడే! ఎందుకొచ్చిన గొడవని ఆ మీట నొక్కేశాను."

"సరే, పట్టుకుపో. వ్యాన్ కింద ఉంది."

"పట్టుకుపోవడమేంటి బావా?" బావమరిది రసీదు విప్పి వేలు పెట్టి చూపించాడు. "ఉన్నచోటనే అన్నారుగా!"

పియ్యేకి కళ్ళముందు తుప్పు బీరువాలు తిరిగాయి.

"నీకు మతి పోయిందా? పెద్దాయన, అదే ముఖ్యమంత్రిగారు, ఊరుకుంటారా?" అని మంత్రిగారు అరిచారు.

"పొద్దున్నే కలిసొచ్చాను. నమస్కారం బరువుగానే పెట్టుకున్నాను. 'మన పార్టీలో ఇన్నాళ్ళకి ఒకడు రసీదు తీసుకుని వచ్చాడయ్యా' అని భుజం తట్టారు. సాయంత్రమే ప్రమాణస్వీకారం."

"అసలు నీకంత డబ్బెక్కడిదిరా?"

"అక్క ఇచ్చింది. ఇంట్లో పాత సామాను సర్దుతుంటే అటక మీద దొరికిందట." బావమరిది కాస్త ఆగి, కెమెరాల వైపు ఒకసారి చూసి, ఎంతో వినయంగా అడిగాడు. "కొంపదీసి మీదా బావా?"

"నాదెందుకవుతుంది? నాకేం సంబంధం?" అని మంత్రిగారు గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకున్నారు. తర్వాత పియ్యేని పక్కకి లాగి, "ఆ డబ్బు ఇప్పుడెక్కడుంది?" అన్నారు.

"ఖజానాలో పడిపోయింది సార్."

"ఖజానాలోనా!" అని ఆయన నెత్తి కొట్టుకున్నారు. "ఇంత అన్యాయం ఎక్కడైనా ఉందటయ్యా?"

ఈలోగా బావమరిది కుర్చీలో కూర్చుని కొంచెం ఊగి చూశాడు. కాలు కింద ప్రణాళిక కదల్లేదు. పియ్యే మాత్రం వణుకుతూ నిలబడ్డాడు.

"నీకెందుకయ్యా కంగారు? ఉన్నది ఉన్నట్టుగా అంటే నువ్వూ అందులోకే వస్తావు. వెళ్ళి కాఫీ చెప్పు," అన్నాడు బావమరిది.

"చిత్తం సార్," అన్నాడు పియ్యే. ప్రాణం లేచొచ్చింది.

మంత్రిగారు ఎటు వెళ్ళాలో తెలియక టేబుల్‌కి ఇవతల, జనం కూర్చునే బల్ల మీద కూర్చున్నారు. బావమరిది చేతులు జోడించి ముందుకి వంగాడు.

"చెప్పండి బావగారూ. ఏం పని మీద వచ్చారు?"

మంత్రిగారు కండువా సర్దుకున్నారు. తర్వాత గొంతు తగ్గించి అడిగారు.

"ఆ వెబ్‌సైట్లో పెద్దాయన కుర్చీ ఎప్పుడు పెడుతున్నారు?"