నార్వే దేశపు పత్తి చేను

పాఠక మహాశయులారా! ఊరికి సొంత పాటంటూ ఒకటి ఉండటం ఎంత నామోషీయో మీకెప్పుడైనా తట్టిందా? తట్టి ఉండదు. మీరింకా సొంత పాటలు పాడుకునే దశలోనే ఉన్నారు. ఆదోని వాళ్ళం మేము ఆ దశ దాటి ఆరు నెలలైంది.

మాకిప్పుడు అన్నీ అనువాదాలే! ఇందులో వింతేముంది? అసలు మా తాలూకాయే ఒక అనువాదం. మొన్నమొన్నటి దాకా బళ్ళారి జిల్లాలో ఉన్నాం. రెండేళ్ళ కిందట, కూర్చున్నవాళ్ళం కూర్చున్నచోటే ఉండగా, కర్నూలు జిల్లాలోకి వచ్చిపడ్డాం. కచేరీ బోర్డు మారింది. బావుల్లో నీళ్ళు మాత్రం అప్పుడెంత లోతున ఉండేవో ఇప్పుడూ అంత లోతునే ఉన్నాయి.

ఇలాంటి ఊళ్ళో అనువాద గీతాలకు ఒక సభ లేకపోతే ఎలా? అందుకే మా నవరస నాటక సమాజం వారు "అంతరంగ గానసభ" అని ఒకటి మొదలుపెట్టారు. దాని సృష్టికర్త సెక్రటరీ గుండేరావు గారు. కోర్టుకు పోయినప్పుడు ప్లీడరు, ఇంటికొచ్చినప్పుడు కవి. రెండుచోట్లా ఆయన మాట ఎదుటివాళ్ళకు అర్థం కాదు. గొప్పతనమంటే అదే కదా!

నాటకమంటే మాకు అదివరకు తెలిసింది వేరు. డేరా, పెట్రోమాక్సు లైట్లు, కృష్ణుడు రాగం తీస్తే నాలుగు వీధులవతల పసిపిల్లలు లేచి ఏడవడం, జనం "ఒన్స్ మోర్!" అని అరవడం, చనిపోయిన అభిమన్యుడు కూడా లేచి మళ్ళీ పాడి మళ్ళీ చావడం. ఎంత మోటు వ్యవహారం!

గుండేరావు గారు దాన్నంతా ఒక్క కలంపోటుతో రద్దు చేశారు. పత్తి మిల్లు గోడౌను వెనక చిన్న హాలు. నలభై కుర్చీలు, నలభై మందే. మైకు లేదు, తెర లేదు, స్టేజీ లేదు. పాడేవాళ్ళకూ వినేవాళ్ళకూ మధ్య మూరెడు జాగా. ఆదివారం సాయంత్రం నాలుగింటికి మొదలై దీపాలు పెట్టేలోపు ముగుస్తుంది. ఒన్స్ మోర్ నిషేధం. చప్పట్లు వేళ్ళ కొసలతో మాత్రమే కొట్టాలి. మొదటి ఆదివారం ముందు వరుసలో కూర్చున్న పత్తి సాహుకారు వీరభద్రప్ప గారు దగ్గు ఆపుకోలేక ప్రాణాల మీదికి తెచ్చుకున్నారు. అయినా దగ్గలేదు. సంస్కారమంటే అదీ!

ఇక పాటలంటారా? బెంగాలీ నుంచి మూడు, జర్మను నుంచి రెండు, పేరు నోరు తిరగని దేశాల నుంచి మరో అరడజను. అన్నీ గుండేరావు గారే తెలుగు చేశారు. ఆ భాషలు ఆయనకు వచ్చా అని అడిగే చిల్లర మనుషులుంటారు. వాళ్ళ కోసం చెబుతున్నాను, రావు. మూలభాష రానివాడే నిష్పక్షపాతంగా అనువదించగలడు.

వీటివల్ల లాభాలు ఒకటా, రెండా? పదకొండు పాటల్లో ఏడింటిలో వాన! ఒక్క సాయంత్రం ఆ హాల్లో కురిసిన వాన మా తాలూకా కోసిగిలో మూడేళ్ళకు కురవదు. రెండు పాటల్లో పడవలు. పడవెక్కినవాడు ఆ నలభై మందిలో ఒక్కడూ లేకపోయినా అందరూ అటూ ఇటూ ఊగారు. ఒక పాటలో మంచు ఎంత దట్టంగా కురిసిందంటే, ఎండలు ముదిరిన ఆ రోజుల్లో వీరభద్రప్ప గారు ఉత్తరీయం భుజాల నిండా కప్పుకున్నారు. కర్నూల్లో రాజధాని ఉండి కూడా ప్రభుత్వం చేయలేని పని ఇది.

ఈ మంచంతా పాడాల్సిన మనిషి తాయమ్మ.

తాయమ్మది పెద్దకడుబూరు. ఏడాదిగా ఆదోని జిన్నింగు మిల్లులో పత్తి ఏరే పని చేస్తోంది. మధ్యాహ్నం సద్ది మూట విప్పుకుంటూ ఆమె తీసిన కూనిరాగం, గేటు కాపలా కాసే హనుమన్న చెవిన పడింది. హనుమన్న పగలు మిల్లు గేటు కాస్తాడు, తీరినప్పుడు సమాజానికి హార్మోనియం వాయిస్తాడు. ఆ గొంతు విన్నాక ఆయన ఊరుకోలేదు. గుండేరావు గారి దగ్గరికి పిలుచుకుపోయాడు.

తాయమ్మకు చదువు రాదు. హనుమన్న ఒక్కో ముక్కా నోటితో చెబుతుంటే పట్టుకునేది.

"తుషారశీకరములారా అంటే ఏంది అన్నా?"

"మంచు తుంపర్లు తల్లీ."

"అట్ల సెప్తే సచ్చిపోతారా?"

"సావరు గానీ, సామికి కోపమొస్తాది. నువ్వు పాడు."

ఆమె పాడింది. పదకొండు పాటలూ పట్టుబడ్డాయి. పన్నెండోది జపాను నుంచి వచ్చింది, అది మాత్రం ఏ తాళానికీ లొంగలేదు. హనుమన్న వారం రోజులు దానితో కుస్తీ పట్టి, చివరికి హార్మోనియం మూసేసి, "తాయమ్మా, దీనికి బదులు నీ సొంత పాట ఏదన్నా ఉంటే సూడు" అన్నాడు.

ఆ మాట కోసమే ఆమె కాచుకుని ఉందని హనుమన్నకు తెలియదు.

పెద్దకడుబూరు చేలల్లో పత్తి విడిపించే ఆడవాళ్ళకు ఒక ఆచారం ఉంది. తలా ఒక సాలు, అంటే ఒక మొక్కల వరస, పట్టుకుని పాడుకుంటూ పోతారు. పాట చివర, ఆ రోజు పనిలోకి రాని మనిషిని పేరుపెట్టి పిలుస్తారు, ఏ సాల్లో ఉన్నావని. ఆమె తరఫున మిగతావాళ్ళు పలుకుతారు. జ్వరమొచ్చి రాకపోయినా అంతే, పుట్టింటికి పోయి రాకపోయినా అంతే. పోయినవాళ్ళనైతే, పోయాక వచ్చే మొదటి పత్తికాలంలో తప్పకుండా పిలవాలి. పిలవకపోతే ఆ మనిషి సాలు బీడు పడినట్టే లెక్క.

తాయమ్మ తల్లి గంగమ్మ పోయిన శ్రావణంలో పోయింది. ఇదే మొదటి పత్తికాలం. మిల్లులో ఒక్కరోజు మానితే ఆ చోట్లో ఇంకొకర్ని పెట్టేస్తారు. చేనికి పోయే దారి లేదు. తల్లిని పిలవకుండానే పత్తికాలం వెళ్ళిపోతుందేమోనని ఆమెకు లోపల గుబులు. నలుగురు మనుషులున్న చోట, గట్టిగా, ఒక్కసారి పిలిస్తే చాలు.

"తెల్లారె చేనెల్ల తెల్లనాయె, సాలు సాలుకు చెయ్యి సాగిపోయె" అని ఆమె ఎత్తుకుంటే హనుమన్న వేళ్ళు వాటంతటవే హార్మోనియం మెట్ల మీదికి పోయాయి.

అయితే ఒక చిక్కు. సొంత పాటలకు సభలో చోటు లేదని సమాజం నిబంధనల్లో మూడోది! హనుమన్న గుండేరావు గారి గదిలో నిలబడి బుర్ర గోక్కున్నాడు. అల్మరాలో చేపనూనె సీసా కనిపించింది. దాని మీద ఒక దేశం పేరుంది.

"ఇది నార్వే పాటంట సామీ. బళ్ళారి ఆసుపత్రిలో ఒక దొరసానమ్మ నేర్పించిందంట."

గుండేరావు గారు కళ్ళు మూసుకుని విన్నారు. "చేనెల్ల తెల్లనాయె! ఆహా, మంచు! ఇలాంటి హిమవర్ణన మనవాళ్ళ వల్ల అవుతుందా?" అన్నారు. పాట చివరికొచ్చేసరికి మాత్రం ముఖం చిట్లించారు.

"ఈ గంగమ్మ ఎవరు?"

తాయమ్మ "మాయమ్మ సామీ" అనబోయింది. హనుమన్న కాలితో కాలు తొక్కాడు.

"అనువాదకుడి తొందరపాటు!" అని గుండేరావు గారే తేల్చేశారు. "నార్వేలో గంగమ్మ ఉండదు. మూలంలో ఇంగ్రీడా అని ఉండాలి. అమ్మాయ్, ఇంగ్రీడా అనే పాడు. మూలానికి ద్రోహం చేయకూడదు."

చూశారా, అనువాదకుడి నిజాయితీ! చూడని మూలానికి కూడా ద్రోహం చేయడు.

ఆదివారం వచ్చింది. "నార్వే దేశపు పత్తి కూలీల పాట" అని కార్యక్రమం కాగితంలో అచ్చువేశారు. ఆ హాల్లో కూర్చున్న నలభై మందిలో ముప్పై మంది పుట్టినప్పటి నుంచి పత్తిలో మునిగి తేలినవాళ్ళే. మంచులో పత్తి ఎలా పండుతుందని ఒక్కరికైనా అనుమానం రాలేదు! వీరభద్రప్ప గారికి మాత్రం వచ్చిన అనుమానం వేరు. "నార్వే పత్తికి పింజ పొడుగెంత? మన నల్లరేగడి పత్తికి పోటీ వస్తుందా ఏమి?" అని పక్కాయన చెవిలో అడిగి, సభ ముగిసేదాకా దిగులుగా కూర్చున్నారు.

తాయమ్మ పాడింది. "ఇంగ్రీడా, ఏ సాల్లో ఉండావే?" అని పిలిచింది. ఎవరూ పలకలేదు. నలభై మంది వేళ్ళ కొసలతో చప్పట్లు కొట్టారు. ఆ పూట ఆమె అన్నం ముట్టలేదు. తల్లిని పిలవలేదన్న బాధ ఒకటైతే, తల్లి సాల్లోకి తనే ఇంకొకర్ని దింపాననే బాధ ఇంకొకటి.

మరుసటి ఆదివారం ఎమ్మిగనూరులో సభ. నేతపనివాళ్ళ సంఘం వారు హాలు ఇచ్చారు. నలభై కుర్చీలు అక్కడి పెద్దమనుషులకు సరిపోయాయి. ఆ రోజు ఊళ్ళో సంత. పెద్దకడుబూరు నుంచి సంతకొచ్చిన ఆడవాళ్ళకు మన తాయమ్మ పాడుతోందట అని తెలిసి, మూటలూ గంపలూ పెట్టుకుని హాలు వరండాలో కిటికీల కింద చేరారు. అంతరంగ గానసభకు బహిరంగం వచ్చి ఆనుకుని కూర్చున్నదన్నమాట! గుండేరావు గారు కిటికీలు మూయమన్నారు. మూస్తే లోపలివాళ్ళు ఉడికిపోతారని మళ్ళీ తెరవమన్నారు.

పదకొండు పాటలూ వరండావాళ్ళు బుద్ధిగా విన్నారు. పడవ పాటకు భీమమ్మ అనే ముసలామె కునికిపాట్లు కూడా పడింది. పన్నెండోది మొదలు కాగానే లేచి కూర్చుంది.

తాయమ్మకు కిటికీలోంచి వాళ్ళ ముఖాలు కనిపిస్తున్నాయి. అమ్మ పక్క సాల్లో ముప్పై ఏళ్ళు నడిచిన మనిషి భీమమ్మ. చివరి చరణం వచ్చింది. ఇంగ్రీడా అనాలి. నోరు రాలేదు. హనుమన్న అదే మెట్టును తిప్పి తిప్పి వాయిస్తున్నాడు. గుండేరావు గారు ముందు వరుసలోంచి "ఇంగ్... ఇంగ్..." అని అందిస్తున్నారు.

కిటికీలోంచి భీమమ్మ గొంతు లేచింది. "ఏమే, మీయమ్మ పేరు మర్సిపోయినావా? గంగమ్మా, ఏ సాల్లో ఉండావే?"

వరండా మొత్తం పలికింది. "ఈడే ఉండా, నీ పక్క సాల్లోనే!"

తాయమ్మ ఏడ్చింది. ఏడుస్తూనే పాడింది. తల్లిని తన గొంతుతో మూడుసార్లు పిలిచింది, మూడుసార్లూ వాళ్ళు పలికారు. నిబంధనలన్నీ మరిచి మొదట "ఒన్స్ మోర్!" అన్నది ఎవరనుకున్నారు? ఈ వ్యాసకర్తే. సమాజం నన్ను క్షమించాలి.

గుండేరావు గారు మాత్రం చలించలేదు. సభ ముగించి లేచి నిలబడి, "చూశారా! వారం రోజుల్లో నార్వే పాట పామర జనంలోకి ఎలా చొచ్చుకుపోయిందో! పేరొక్కటి పాడుచేశారు గానీ, అనువాదానికి ఇంతకంటే సాఫల్యం ఏముంది?" అన్నారు. పెద్దకడుబూరు ఆడవాళ్ళకు వచ్చిన నార్వే పాటలన్నీ సేకరించి ఒక పుస్తకం వేయాలని తీర్మానం కూడా చేశారు. ఆమోదించారు.

తిరుగు బస్సులో తాయమ్మ కిటికీ బయటి చేలను చూస్తూ కూర్చుంది. తర్వాత హనుమన్న వైపు తిరిగింది.

"అన్నా, నార్వేలో గుడా ఆడోల్లు పనికి పోతారా?"

"పోకుండా ఉంటారా? పోతారు."

"ఆడంతా మంచు గదా. పాపం, సేతులు కొంకర్లు పోతాయేమో. ఆళ్ళల్లో ఎవురన్నా పనికి రాకుంటే ఎట్ల పిలుస్తారో."

నార్వే వాళ్ళ గురించి మా సమాజంలో ఎవరైనా ఆలోచించడం అదే మొదటిసారి.

కనుక పాఠకులారా, అనువాదం గొప్ప వరమని నేను ఇప్పటికీ అంటాను. బెంగాలీ వానలు రానివ్వండి, జర్మను పడవలు రానివ్వండి. నా విన్నపం ఒక్కటే. ఎమ్మిగనూరికి కూతవేటు దూరంలో పెద్దకడుబూరు అని ఒక ఊరుంది. దాన్ని కూడా ఎవరైనా పుణ్యం కట్టుకుని తెలుగులోకి అనువదిస్తే, కుర్చీ దొరక్కపోయినా సరే, వరండాలో కూర్చుని వింటాను.