సరాసరి అభిప్రాయం

విజయనగరంలోని శ్రీ నాదసుధా రసజ్ఞ సమాజం వారు పందొమ్మిదివందల అరవై ఎనిమిదో సంవత్సరం నుంచి పాడేవాళ్లకీ వాయించేవాళ్లకీ పోటీలు మానేసి, వినేవాళ్లకి పోటీ పెట్టాలని తీర్మానించి, ఏడాదిగా నడుపుతున్నట్టు సంగీతాభిమానులకు సంతోషంతో తెలియజేస్తున్నాం. పాడేవాళ్లు ఎలాగూ పాడుతూనే ఉంటారు. పోటీ ఉన్నా లేకపోయినా వాళ్లని ఆపడం ఎవరి తరమూ కాదు. కష్టమంతా వినడంలో ఉంది. విని, దాన్ని గురించి పత్రికలో రాయడం మరీ కష్టం. అటువంటి కష్టజీవులు మా ఊళ్లో నలుగురున్నారు. వారే మా విమర్శకులు.

ఈ పోటీ అవసరం ఎందుకు వచ్చిందో మనవి చేస్తాను. అంతకు ముందటేడు మద్రాసు నుంచి ఒక విద్వాంసుడు వచ్చి పాడాడు. ప్లీడరు గణపతిరావు గారు ఆ తోడిరాగం తేనె అని రాశారు. గోగునార వర్తకుడు అప్పలనరసింహం గారు అదే రాగాన్ని కషాయం అని రాశారు. రిటైర్డు లెక్కల మేష్టారు, మా సమాజం అధ్యక్షులు చంద్రశేఖరం గారు తేనెతో కలిపిన కషాయమని రాసి ఇద్దరితోనూ స్నేహం నిలుపుకున్నారు. నాలుగోవాడు, రైల్వే స్టేషన్లో టిక్కెట్లిచ్చే జగన్నాధం, విద్వాంసుడు సగం కచేరీ రాగం మీదా సగం చేతి గడియారం మీదా దృష్టి పెట్టాడని రాసేశాడు. నాలుగూ చదివిన ఒక బియ్యం మిల్లు యజమాని పాపం బెంగపెట్టుకుని మా ఆఫీసుకొచ్చాడు. "ముందు వరసలోనే కూకుని మొత్తం విన్నానండి. ఇంతకీ బాగున్నాదా, నేదా?" అని అడిగాడు. మేమంతా సిగ్గుతో తల దించుకున్నాం.

ఆ ఆదివారమే సర్వసభ్య సమావేశం పెట్టాం. అధ్యక్షులవారి ప్రసంగం చిరస్మరణీయం. "సోదర సోదరీమణులారా! రుచి అనేది ఎవరికి వారు పెట్టుకుంటే దాన్ని అరాజకం అంటారు. నేను ముప్పయ్యేళ్లు లెక్కలు చెప్పాను. తరగతిలో ఒక్కొక్కడికి ఒక్కొక్క జవాబు వస్తే దాన్ని స్వేచ్ఛ అంటామా? బెత్తం తీస్తామా? సంగీతం కూడా అంతే. ఇకమీదట నలుగురు విమర్శకులూ ప్రతి కచేరీకి మార్కులు వేస్తారు. కూడి, నాలుగు పెట్టి భాగిస్తాం. వచ్చిందే ఆ కచేరీ తాలూకు సత్యం. ఆ సత్యానికి ఏడాది పొడుగునా ఎవరు దగ్గరగా ఉంటారో వారికి శాలువా కప్పి, రసజ్ఞ సార్వభౌమ అని బిరుదు ఇస్తాం." చప్పట్లు చాలాసేపు మోగాయి. మొదట ఎవరు ఆపాలో ఎవరికీ తెలియలేదు.

సమాజం కార్యదర్శిని గనక తీర్మానం చివరి వాక్యం నేనే రాశాను: "విమర్శకులు తమ అభిప్రాయమును సరాసరి తెలియజేయవలెను." ముగ్గురు విమర్శకులకి ఇందులో ఏ సందేహమూ కలగలేదు. సరాసరి అంటే కూడగా భాగించగా వచ్చేది. అభిప్రాయం అటుకీ ఇటుకీ కాకుండా నడిమధ్యన ఉండాలి. కాని జగన్నాధం రైల్వే మనిషి. రోజూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా కిటికీ దగ్గర, "ఈ బండి సరాసరి పలాస పోతాదా బాబూ, మజ్జిలో మారాలా?" అని అడిగేవాళ్ల మధ్య బతుకుతున్నాడు. సరాసరి అంటే ఎక్కడా దిగకుండా, ఏ బండీ మారకుండా చెప్పడమని అర్థం చేసుకున్నాడు. ఆ అర్థంతోనే ఏడాదంతా మార్కులు వేశాడు.

పోటీ వల్ల సంగీతానికి కలిగిన మేలు అంతా ఇంతా కాదు. విమర్శకులు వేదికవైపు చూడడం మానేసి ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మొదలుపెట్టారు. మెడలు నొప్పి పుడుతున్నాయని విన్నవించగా, వారి కుర్చీలు నాలుగూ ఎదురెదురుగా వేయించాం. పాడేవాళ్లకి ఇద్దరి వీపులూ ఇద్దరి మొహాలూ కనిపించేవి. మొహాలున్న ఇద్దరూ ఎదుటివాళ్లనే చూస్తుండేవారు గనక గాయకులకి సభాకంపం తగ్గిపోయింది. సమీక్షల్లో కూడా తొందరపాటు మాటలు పోయాయి. "గాత్రం గాత్రంలాగే ఉంది. మృదంగం మృదంగానికి తగినట్టే మోగింది. జనం వచ్చినంత మేర వచ్చారు" అని రాస్తే ఎవరు కాదనగలరు? కచేరీ అయ్యాక కాఫీ హోటల్లో చేరి, "నీకేటి తోసింది బావా?" అని ఒకరంటే, "నీకేటి తోసిందో నాకూ అదే తోసింది" అని రెండోవారనేవారు. ఇటువంటి సామరస్యం మా ఊళ్లో మునిసిపల్ ఎన్నికల్లో కూడా చూడలేదు.

ఒక్క జగన్నాధమే లొంగలేదు. బాగుంటే కళ్లు మూసుకుని తలాడించేవాడు. బాగులేకపోతే ఆవలించేవాడు. నచ్చితే తొంభై, నచ్చకపోతే పది. మూడు నెలలు తిరిగేసరికి సత్యానికి అందరికన్నా దూరంగా ఉన్న మనిషిగా పేరు తెచ్చుకున్నాడు. మిగతా ముగ్గురికీ అప్పుడో ఉపాయం తట్టింది. ఇతను ఎప్పుడూ తప్పే అయినప్పుడు, ఇతనికి నచ్చింది బాగులేనట్టే గదా! అతని తల ఆడగానే మావాళ్ల తలలు నిలిచిపోయేవి. అతను ఆవలించగానే మావాళ్లు ఆహా అనేవారు. ఆ విధంగా ఊరంతటికీ ఒక్క అభిప్రాయం ఏర్పడింది. అది జగన్నాధం అభిప్రాయమే, తిరగేసి పెట్టినది. ముగ్గురికీ సంగీతం వినవలసిన శ్రమ పూర్తిగా తప్పింది. దాన్ని నేను సమాజం సాధించిన ఘనవిజయంగా వార్షిక నివేదికలో రాశాను.

ఇక జగదీశ్వరి సంగతి. ఈమె తండ్రి కోవెల్లో నాదస్వరం సేవ చేస్తూ పోయాడు. తల్లీ తనూ మిగిలారు. వీణ వాయిస్తుంది. గరివిడిలో ఫ్యాక్టరీ వచ్చాక పెట్టిన ఆడపిల్లల బళ్లో రెండేళ్లుగా తాత్కాలికంగా సంగీతం చెబుతోంది. రోజూ ప్యాసింజరు బండిలో వెళ్లి వస్తుంది. ఇప్పుడా ఉద్యోగం ఖాయం చెయ్యాలా, తీసెయ్యాలా అన్న ప్రశ్న వచ్చింది. బడి కార్యదర్శి చినబాబు గారు నిష్పక్షపాతి. ఆయనకి సంగీతం బొత్తిగా తెలియదు. "సంగీతం అంటే విజయనగరం వారిదే. మీ సభలో వాయించమనండి. మీ విమర్శకులంతా ఏమంటే అదే మా మాట" అని మాకు కబురు చేశారు. శుక్రవారం సాయంత్రం కచేరీ ఏర్పాటు చేశాం.

గురువారం పొద్దున్న జగదీశ్వరి టిక్కెట్ల కిటికీ దగ్గర నిలబడింది. టిక్కెట్టు తీసుకున్నా కదల్లేదు.

"బాబాయిగారూ, ఓ మాట సెప్తాను, తప్పుగా అనుకోకండి. రేపు నా కచేరీ ఉన్నాది."

"తెలుసమ్మా. నేను ముందే వచ్చి కూర్చుంటాను. మీ నాన్న సేవ విన్న చెవులివి."

"అందుకే వచ్చాను. మీరు మాత్రం బాగుందనకండి. తలాడించకండి. మీరు మెచ్చుకున్నారంటే ఆ ముగ్గురూ బాగోలేదంటారు. నా ఉద్యోగం పోతాది."

జగన్నాధం కిటికీ ఊచలు పట్టుకున్నాడు. "నీకు బాగులేదని రాయాలా తల్లీ? నీకా?" అన్నాడు.

"మా అమ్మ మొహం సూసి రాయండి" అందా పిల్ల. వెనకాల వరసలోవాళ్లు బండి వచ్చేస్తోందని కేకలేశారు. జగన్నాధం అలాగేనని తలూపాడు.

అదే గురువారం సాయంత్రం, జగన్నాధం భార్య పద్మకుమారి తన అన్న ఇంటికి వెళ్లింది. అన్న అంటే మన అప్పలనరసింహం గారే. "అన్నియ్యా, కుళాయికాడ తలెత్తుకోలేకపోతన్నాను. ఊరందరికీ బాగున్నాది మీ ఆయనకెందుకు బాగోదు, సెవుల్లో ఏటైనా దోషం ఉన్నాదా అని అడుగుతన్నారు. ఈ ఒక్క పాలైనా ఆయనా మీరూ ఒకే మాట మీద ఉండేటట్టు సూడు" అని కళ్లొత్తుకుంది. తోబుట్టువు ఏడిస్తే ఏ అన్న చూస్తూ ఊరుకుంటాడు? "దీనికి ఏడుస్తావేటే అమ్మీ! బావ ఏటి రాస్తే మేవూ అదే రాస్తాం. గణపతిరావుకీ మేష్టారికీ నే సెప్తాను గదా" అని పంపేశాడు. సంగీత విమర్శలో ఇంతటి కుటుంబాభిమానం ఏ దేశంలో ఉంది?

శుక్రవారం కచేరీ మొదలైంది. జగదీశ్వరి కాంభోజి ఎత్తుకుంది. నాకు సంగీతం గురించి స్వంత అభిప్రాయాలు లేవు గాని, హాల్లో పంకాల కింద విసనకర్రలు విసురుకునేవాళ్లు కూడా ఆపేశారు. విమర్శకులు ముగ్గురూ జగన్నాధం మొహం మీదనుంచి కళ్లు తిప్పలేదు. అతను రెండు చేతులతోనూ కుర్చీ పట్టుకుని, పళ్లు బిగించి, పెదవులు కదుపుతున్నాడు. పక్కకి వంగి వింటే, నెల్లిమర్ల, గరివిడి, చీపురుపల్లి, సిగడాం, పొందూరు అని స్టేషన్లు లెక్కపెట్టుకుంటున్నాడు. వీణ చెవికెక్కకుండా అదో కట్టుదిట్టం. కాసేపటికి కళ్లు తుడుచుకుంటుంటే ఏమైందని అడిగాను. నలుసు పడిందన్నాడు. రెండు కళ్లలోనూ పడిందట. తానం మధ్యలో, ఎంత కష్టపడ్డాడో గాని, నోరంతా తెరిచి ఆవలించాడు. వేదిక మీద జగదీశ్వరి అది చూసింది. చూసి చిన్నగా నవ్వుకుంది. ఆ తరవాత ఇంకా బాగా వాయించిందని వెనక వరసలవాళ్లు చెప్పుకున్నారు. వాళ్ల మాటకి మార్కులు లేవు.

జగన్నాధం వందకి పన్నెండు వేశాడు. గణపతిరావు గారు ఆ కాగితంలోకి తొంగిచూసి పన్నెండు. అప్పలనరసింహం గారు పన్నెండు. చంద్రశేఖరం గారు తామూ పన్నెండు వేసి, కూడి, భాగించి, పన్నెండే వచ్చినందుకు ఆనందబాష్పాలు రాల్చారు. సమాజం పుట్టిన తరవాత నలుగురి నోటా ఒకే మాట రావడం ఇదే మొదలు. "ఈ వీణకు ప్రాణం పోయువారెవరు?" అని గణపతిరావు గారు రాశారు. "ఇందులో పోగు లేదు, పీచే ఉంది" అని అప్పలనరసింహం గారు రాశారు. అభ్యాసలోపమని మేష్టారు రాశారు. జగన్నాధం మాత్రం ఒకే వాక్యం రాశాడు: "నాకేమీ వినబడలేదు." ఇంత తీవ్రమైన విమర్శ మా జిల్లాలో ఇంతవరకూ రాలేదని అందరూ మెచ్చుకున్నారు. చినబాబు గారికి వెంటనే తంతి కొట్టాం. మీ ఏకాభిప్రాయాన్ని శిరసావహిస్తున్నామని జవాబు వచ్చింది. సంగీతం పీరియడు డ్రిల్లు మేష్టారికి ఇచ్చేశారట.

సోమవారం పొద్దున్న జగన్నాధం అధ్యక్షులవారి ఇంటికి పరుగెత్తుకొచ్చాడు. నేనక్కడే ఉన్నాను.

"మేష్టారూ, నేను అబద్ధం రాశాను. ఆ పిల్లకి నూటికి నూరూ ఇవ్వాలి. నా పాపానికి ఆ పిల్ల నోటి దగ్గర కూడు పోయింది. గరివిడికి మళ్లీ తంతి కొట్టండి."

"చూడు జగన్నాధం, నూరు అన్నది నీ ఒక్కడి అభిప్రాయం. నలుగురం కలిసి తేల్చినదాన్ని నువ్వొక్కడివీ కాదంటే ఎలాగ?"

"ఆ నలుగుర్లో నేనూ ఒకణ్ణే గదండీ! మిగతా ముగ్గురూ నన్ను చూసే వేశారు!"

"ఏడాది లెక్క ఎలా ఉన్నా, ముగ్గురూ నిన్ను చూసే వేశారంటే సత్యం నీ దగ్గరే ఉన్నట్టు గదా. అందుకే శాలువా నీకే ఇవ్వాలని నిర్ణయించాం" అన్నారు చంద్రశేఖరం గారు ఆప్యాయంగా. జగన్నాధం అరుగు మీద కూలబడ్డాడు. రెండేళ్లుగా రోజూ పొద్దున్నే నవ్వుతూ పలకరించే పిల్ల ఇక కిటికీ దగ్గరికి రాదు.

సన్మానసభకి ప్రార్థన జగదీశ్వరి చేత వాయింపించాం. ఉద్యోగం లేదు గనక ఆమె తీరిగ్గానే ఉంది. వీణ మీద వేలు పడగానే హాలంతా రసజ్ఞ సార్వభౌముడివైపు తిరిగింది. ఈసారి ఆయన స్టేషన్లు లెక్కపెట్టలేదు. కళ్లు మూసుకుని, నీళ్లు కారిపోతుంటే తుడుచుకోకుండా, తలాడించాడు. ముందు వరస ఆడించింది. రెండో వరస ఆడించింది. పద్మకుమారి ఆడవాళ్లలో కూర్చుని గర్వంగా ఆడించింది. ముఖ్య అతిథిగా వచ్చిన చినబాబు గారు తలాడిస్తూనే నా చెవిలో, "ఇంత బాగా వాయించే పిల్లని మేం ఎందుకు తీసేశామండీ?" అన్నారు.

"మీరు తియ్యలేదండీ. ఏకాభిప్రాయం తీసింది" అన్నాను.

"మరిప్పుడు అందరూ బాగుందంటున్నారుగా?"

"ఇది ప్రార్థనండీ. ప్రార్థనకి మార్కులుండవు."

ఆయన తృప్తిపడ్డారు. జగదీశ్వరి వీణ ఎత్తుకుని దిగిపోతూ, జగన్నాధం దగ్గర ఆగింది. "ఆవేళ వినబడలేదని రాశారు బాబాయిగారూ. ఇయాల వినబడిందా?" అంది. కోపంగా కాదు, నిజంగానే అడిగింది. ఆయన లేచి ఆమె రెండు చేతులూ పట్టుకుని ఏదో చెప్పబోయాడు. ఇంతలో అధ్యక్షులవారు వచ్చి శాలువా కప్పేశారు. హాలు హాలంతా చప్పట్లు కొట్టింది. మీరు అక్కడ ఉంటే మీరూ కొట్టేవారే. చుట్టుపక్కలవాళ్లంతా చప్పట్లు కొడుతుంటే చేతులు ముడుచుకు కూర్చోగల మనిషి మా జిల్లా మొత్తానికి ఒక్కడే ఉండేవాడు. ఆ సాయంత్రం మేం సన్మానం చేసింది ఆయనకే.