నా పాదాలకు నలభై ఆరు ఫొటోలు

మానవజాతి పుట్టిన దగ్గర్నుంచి పాదాలకు ఇంత మర్యాద ఎన్నడూ జరగలేదు. ఈ మాట ఊరికే అనడం లేదు. నలభై ఆరు ఫొటోల సాక్షిగా అంటున్నాను.

నా పెళ్లికి తీసిన ఫొటోలు మొత్తం ఇరవై రెండు. వాటిలో ఆరింట్లో నేను కళ్లు మూసుకున్నాను. అలాంటిది మొన్న ఒక్క మధ్యాహ్నం నా రెండు పాదాలకు నలభై ఆరు ఫొటోలు! ముందు నుంచి, వెనక నుంచి, బొటనవేలి పక్క నుంచి, చిటికెనవేలి పక్క నుంచి. ఒక్కదాంట్లోనూ పాదం కళ్లు మూసుకోలేదు.

సంగతేమిటంటే, నాకు మడమ నొప్పి. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేస్తే ఎవరో కింద నుంచి మేకు దిగగొట్టినట్టుంటుంది. నొప్పినైతే భరించవచ్చు, దానివల్ల వచ్చిన నష్టమే భరించలేనిది. మా పార్కులో రిటైరైనవాళ్లం నలుగురం ఒక బెంచీని ఆక్రమించుకున్నాం. దానికొక నియమం ఉంది. నాలుగు రౌండ్లు నడిచినవాడికే కూర్చునే హక్కు, కూర్చున్నవాడికే మాట్లాడే హక్కు. ఆ నియమం పెట్టిన మహానుభావుణ్ణి నేనే. రెండు నెలలుగా నేను ఒక రౌండు దాటలేకపోతున్నాను. ఇంటికొచ్చి గోడలతో మాట్లాడదామంటే అవి నా కబుర్లన్నీ ఇదివరకే విని ఉన్నాయి. ఈలోగా నా చోట్లో ఒక మాజీ పోస్ట్‌మాస్టర్ వచ్చి కూర్చుని, హాయిగా కాలు ఊపుతున్నాడు. చోటు శాశ్వతంగా పోయేలా ఉంది.

మా అమ్మాయి ఫోన్ చేసింది. "నాన్నా, షూలో నీ పాదానికి తగ్గ సోల్ వేసుకోమని డాక్టర్ చెప్పాడుగా. నీ ఫోన్లో ఒక యాప్ పెట్టాను. దాంతో పాదాన్ని స్కాన్ చేస్తే చాలు, వాళ్లే తయారుచేసి ఇంటికి పంపిస్తారు. నువ్వెక్కడికీ వెళ్లక్కర్లేదు."

ఎక్కడికీ వెళ్లక్కర్లేదు! ఇంతకన్నా వరం ఏముంటుంది? ఒకప్పుడు ఎంత అవస్థ పడేవాళ్లమో మీకూ గుర్తుండే ఉంటుంది. షూ దుకాణానికి వెళితే ఒక మనిషి ముక్కాలిపీట మీద కూర్చుని, మీ పాదాన్ని తన తొడమీద పెట్టుకుని, షూ పైనుంచి బొటనవేలు నొక్కి, "బిగుతుగా ఉందా సార్? నాలుగడుగులు వేసి చూడండి" అనేవాడు. ఒకరి పాదాన్ని ఇంకొకరు ముట్టుకోవడమా? ఎంత మొరటు కాలం!

యాప్ అలా కాదు. చాలా పెద్దమనిషి. ముందుగా ఇరవై ఏడు ప్రశ్నలు వేసింది. నేను పరుగు పందాల్లో పాల్గొంటానా? కొండలెక్కుతానా? వారానికి ఎన్ని గంటలు నాట్యం చేస్తాను? నా గురించి ఇంత ఉన్నతంగా ఊహించినవాళ్లు ఈ మధ్యకాలంలో ఎవరూ లేరు. నొప్పి ఎక్కడో చూపించమని ఒక పాదం బొమ్మ ఇచ్చింది. నా వేలు లావు, బొమ్మ చిన్నది. తాకితే పాదమంతా ఎర్రబడింది. "ధన్యవాదాలు" అని ముందుకు వెళ్లిపోయింది.

తరువాత అసలు స్కాన్. ఏ-ఫోర్ కాగితం మీద పాదం పెట్టి నిటారుగా నిలబడాలి. బరువు రెండు కాళ్ల మీదా సమానంగా వేయాలి. తల ఎత్తి ఎదురుగా చూడాలి. అలా చూస్తూనే ఫోన్‌ను నేలకు జానెడు ఎత్తులో పాదం చుట్టూ తిప్పాలి. ఇవన్నీ ఒకేసారి చేయగల ప్రాణి నాకు తెలిసి ఏనుగు ఒక్కటే.

నేను వంగితే "బరువు మారింది" అంది. కుర్చీలో కూర్చుంటే "నిలబడండి" అంది. ఫోన్‌ను చీపురు కర్రకు కట్టి తిప్పితే "పాదం కనిపించడం లేదు" అంది. నిజమే, ఫోన్ సోఫా కిందికి దూరింది. అయితే ఆ ఫొటోలో మూడు నెలల క్రితం పోయిన నా కళ్లజోడు కనిపించింది. మేలును మేలనే చెప్పుకోవాలి.

చివరికి యాప్ చాలా మృదువుగా ఒక సలహా ఇచ్చింది. "మీ ఇంట్లో ఇంకొకరిని ఫోన్ పట్టుకోమనండి."

ఇల్లంతా ఒకసారి కలయజూశాను. మా ఆవిడ పోయి నాలుగేళ్లు. అయినా ఆ యాప్ ఆశావాదం చూడండి! ప్రతి ఇంట్లోనూ రెండో మనిషి ఉంటారనే అది నమ్ముతోంది. అంత మంచి నమ్మకాన్ని వమ్ము చేయబుద్ధి కాలేదు. మెట్లెక్కి, పైఅంతస్తులో ఉండే టైలరమ్మను పిలుచుకొచ్చాను.

"కాలు కొలవడానికి ఫోనెందుకు బాబాయిగారూ? నా మెడలో టేపుంది కదా."

"ఇది టేపుకు అందే లెక్క కాదమ్మా. త్రీడీ."

"అంటే?"

"మూడు వైపులా కొలుస్తుంది."

"నేను నడుం చుట్టూ కొలుస్తాను. అదెన్ని వైపులంటారు?"

కాగితం మీద నిటారుగా నిలబడ్డాను. ప్యాంటు అంచులు మడవడానికి కూర్చునే అలవాటుతో ఆవిడ చటుక్కున నేలమీద చతికిలబడింది. "కదలకండి. పెళ్లికొడుకులూ ఇంతే, కొలతలప్పుడే కదులుతారు. అవునూ, ఈ కాగితమేంటి, ఇంత పొడుగుంది?"

"కాగితమన్నాక అంతే ఉంటుందమ్మా."

ముప్పై ఒక్క ఏళ్లు కోర్టు నకళ్ల విభాగంలో పనిచేసినవాణ్ణి. కాగితం సంగతి నాకు చెబుతుందా? నలభై ఆరు ఫొటోలు పూర్తయ్యాయి. యాప్ తెరమీద పూలు చల్లింది.

పది రోజులకు పెట్టె వచ్చింది. సోల్స్ ఎంత బాగున్నాయో చెప్పలేను. నా పాదం వంపు మొత్తం అందులో ఉంది. లేనిదల్లా చివరి రెండంగుళాలు. షూలో వేసుకుంటే వేళ్లన్నీ అరుగు చివర నిలబడి కిందికి తొంగిచూస్తున్నట్టున్నాయి. కంపెనీకి ఫోన్ చేశాను.

"మా కొలతలో తేడా రాదు సార్. మీ పాదం ఎనిమిది ముప్పావు అంగుళాలు" అంది ఒక అమ్మాయి.

"పాదం నా దగ్గరే ఉందమ్మా, చూస్తున్నాను. అంతకన్నా పెద్దదే."

"సిస్టమ్‌లో అలాగే ఉంది సార్."

అంత ధీమాగా చెప్పేసరికి నాకే నా పాదాల మీద అనుమానం వచ్చింది. మళ్లీ టైలరమ్మే దిగొచ్చి టేపు వేసింది. పాదం పదిన్నర. తరువాత, నేను చూస్తుండగానే, కాగితానికి టేపు వేసింది. పద్నాలుగు.

"వాళ్లడిగింది ఏ-ఫోర్ బాబాయిగారూ. అది పన్నెండు కూడా ఉండదు. కాగితం పొడుగును బట్టే కదా అది కాలి పొడుగు లెక్కేసేది?"

నేను పెట్టింది లీగల్ సైజు. ఇంటినిండా ఉన్నవి అవే. కోర్టు కాగితం మీద నిలబడితే మనిషి పాదం ఎంత చిన్నదైపోతుందో సాంకేతికంగా నిరూపించినవాణ్ణి బహుశా నేనొక్కణ్ణే.

"సరే, అసలు నొప్పెక్కడ?" అంది టైలరమ్మ.

డాక్టర్ ఎక్స్‌రేను అడిగాడు. యాప్ బొమ్మను అడిగింది. పాదాన్ని అడిగింది ఈవిడే. బొటనవేలితో మడమ నొక్కింది.

"ఇక్కడా?"

"కొంచెం వెనక్కి."

"ఇక్కడా?"

"అబ్బా!"

మేజోడు మీద అక్కడే సుద్దతో చుక్క పెట్టింది. పైకెళ్లి, కోటు భుజాల్లో పెట్టే మెత్తలు రెండు తెచ్చి, మడమ ఆకారానికి కత్తిరించి, చుక్క ఉన్నచోట గుండ్రంగా బెజ్జం చేసి షూల్లో పెట్టింది. మొత్తం పది నిమిషాలు. ఒక్క ఫొటో కూడా తీయలేదు!

వారం తిరిగేసరికి నాలుగు రౌండ్లు నడిచి బెంచీ దగ్గరికి వెళ్లాను. పోస్ట్‌మాస్టర్ పక్కకు జరిగాడు.

"షూల్లో ఏదో వేశారట?"

"కోటు భుజాలు."

"అయితే ఇకనుంచి మీ భుజాల మీద మీరే నడుస్తారన్నమాట" అన్నాడు. పరవాలేదు, మనిషి మంచివాడే.

ఇక మిగిలింది ఆ సోల్స్. పొట్టిగా, కాస్త వెడల్పుగా ఉన్నాయి. పారేయబోతూ షూ స్టాండ్ కింది అర వైపు చూశాను. మా ఆవిడ చెప్పులు అక్కడే ఉన్నాయి. ఆవిడ పాదాలు పొట్టివి, కాస్త వెడల్పు. నాతో నడిచినప్పుడల్లా, "మీ అంగలకు నేను పరుగెత్తాలి, కాస్త చిన్న అడుగులు వేయకూడదూ?" అనేది. సోల్స్ ఆ చెప్పుల్లో పెట్టి చూశాను. కొలిచి చేసినట్టు అమరాయి.

నిన్న యాప్ మళ్లీ పలకరించింది. సోల్స్ సరిపోయాయా అని అడిగింది. సరిపోయాయని రాశాను, అబద్ధమెందుకు? ఎన్ని నక్షత్రాలిస్తారంటే అయిదూ ఇచ్చాను. మా సేవను మెరుగుపరచడానికి ఏదైనా సూచన ఉందా అంది. ఉందన్నాను.

"ఈసారి పెట్టెలో ఫోన్ పట్టుకోవడానికి ఒక మనిషిని కూడా పెట్టి పంపండి. సైజు ఏదైనా పరవాలేదు."