ప్రాబ్లం లేని పల్లె

"ఈ క్షణం నుంచి నా నియోజకవర్గంలో ప్రాబ్లం అనే మాట వినబడగూడదు!"

మంత్రివర్యులు హనుమంతరాయుడు గారు సభలో ఇలా సెలవివ్వగానే అందరికంటే ముందు లేచి చప్పట్లు కొట్టినవాడు ఆదెన్న. గుండ్లవంకపల్లిలో పార్టీ జెండా కట్టేదీ, జనాన్ని ఆటోల్లోకి ఎక్కించేదీ, సమయం చూసి జై కొట్టేదీ ఆయనే. కానీ ఆనాడు కొట్టినవి పార్టీ చప్పట్లు కావు, అచ్చంగా సొంతానివి. ఊళ్లో తాగునీళ్ల బోరు మోటారు కాలిపోయి నెల దాటింది. ఆడవాళ్లు చెన్నప్ప చేని బోరు నుంచి బిందెలు మోస్తున్నారు. ఆ బోరు కూడా ఈమధ్య నీళ్లకంటే గాలే ఎక్కువ పోస్తోంది. ఆ పొద్దున ఆదెన్న భార్య తిమ్మక్క ఖాళీ బిందె గడపలో పెట్టి తేల్చి చెప్పేసింది.

"నా నడుము ఇరిగిపోతాండాది. ఊళ్లోకి నీళ్లు రాకుంటే గుమ్మఘట్టకు మా నాయనింటికి పోతా. నువ్వూ నీ జెండా ఈడనే ఉండండి."

"మంత్రి మనోడే కదమే!"

"మనోడయితే మోటారు యాడ?"

ఇప్పుడు మాటనే ఎత్తేశారంటే ప్రాబ్లం కూడా పోయినట్టేనని ఆదెన్న లెక్క వేసుకున్నాడు. తప్పు లెక్కేం కాదు. మంత్రిగారి లెక్కా అదే.

సోమవారం అర్జీ పట్టుకుని మండలాఫీసుకు పోయాడు. సూపరింటెండెంటు కృపాకుమారి అర్జీని వేలికొసలతో పట్టుకుని చూసి, మళ్లీ ఆయన చేతిలోనే పెట్టింది.

"అన్నా, దీంట్లో 'నీళ్ల ప్రాబ్లం' అని ఉండాది. ఈ మాటుంటే తీసుకోవద్దని ఆర్డరొచ్చింది. పక్క రూములో సార్ ఉండాడు, ఆయప్ప మాట మార్చిస్తాడు పో."

పక్క రూములో ఏసీ కింద ఇంగ్లీషు లెక్చరర్ శశికుమార్ కూర్చుని ఉన్నాడు. ప్రజల కష్టానికి తగిన మాట వెతికిపెట్టడానికి మంత్రిగారు ఆయనను సలహాదారుగా వేసుకున్నారు. ఇరవై ఏళ్లు పిల్లకాయలకు సినానిమ్స్ చెప్పిన మనిషి. ఆ విద్య ప్రభుత్వానికి పనికొస్తుందని ఆయన కూడా ఏనాడూ కలగనలేదు.

"చూడప్పా, ప్రాబ్లం అంటివనుకో, ఎవురో ఒకరు తీర్చల్ల. ఇష్యూ అను. ఇష్యూను తీర్చే పన్లే, చర్చిస్తే సాలు."

"మరి నీళ్లు సార్?"

"అదే అంటాండా. నీళ్ల మీదనే చర్చ."

మాట తప్పలేదు. ఆ వారమే ఊళ్లో షామియానా వేసి మధ్యాహ్నం దాకా చర్చించారు. వేదిక మీద ఉన్నవాళ్లు గొంతెండిపోయేలా మాట్లాడారు, అందుకని వాళ్లకు నీళ్ల బాటిళ్లు ఇచ్చారు. ఇంటికొచ్చిన ఆదెన్నను తిమ్మక్క ఒకే మాట అడిగింది. "చర్చ పోసి సంగటి కెలకమంటావా?"

ఆదెన్న మళ్లీ శశికుమార్ దగ్గరికి పరుగెత్తాడు. ఈసారి నీళ్లు ఇష్యూ నుంచి కన్సర్న్‌గా ప్రమోషన్ పొందాయి. కన్సర్న్ అయితే మంత్రిగారే స్వయంగా వ్యక్తం చేస్తారు. మోటారు కాలిన బోరు పక్కన చెంపకు చెయ్యి ఆనించి వ్యక్తం చేశారు కూడా. మొదటి ఫొటోలో అలవాటు కొద్దీ నవ్వు వచ్చేసింది కాబట్టి మళ్లీ వ్యక్తం చేయాల్సొచ్చింది. అంత ఎండలో రెండుసార్లు బాధపడటం మామూలు నాయకుల వల్ల కాదు.

అయినా నీళ్లు రాలేదు. శశికుమార్ ఏమాత్రం చలించకుండా డిక్షనరీలో పేజీ తిప్పాడు.

"ఇంగ దీన్ని ఛాలెంజ్ అందాం. ఛాలెంజ్ అంటే ధైర్యంగా ఎదుర్కోవల్ల."

"ఎవురు సార్?"

"జనమే. గవర్నమెంటు ప్రోత్సహిస్తాది."

ప్రోత్సాహానికి బిందెల పరుగుపందెం పెట్టారు. చెన్నప్ప చేని నుంచి ఊరిదాకా నీళ్లబిందెతో పరుగు. తిమ్మక్క అందరికంటే ముందొచ్చింది. రోజూ చేసే పనే, ఈరోజు కొత్తగా విజిల్ వేశారంతే. మంత్రిగారు మెడలో దండ వేసి, మెరిసిపోయే స్టీలు బిందె బహుమతిగా ఇచ్చి, మైకు ముందు పెట్టారు.

"బిందె బాగుండాది సార్," అంది తిమ్మక్క. "దీంట్లోకి నీళ్లు యాడ పట్టుకోవల్లనో అదీ చెప్పిపోండి."

మంత్రిగారు పకపకా నవ్వారు. పల్లెవాళ్ల హాస్యం తనకు చాలా ఇష్టమన్నారు. తిమ్మక్క నవ్వలేదు. బిందె చంకన పెట్టుకుని, ఇంటివైపు కూడా చూడకుండా, రోడ్డు మీద ఆగి ఉన్న షేర్ ఆటో ఎక్కి కూర్చుంది. ఆదెన్న వెనకాలే ఉరికాడు గానీ ఆటో దుమ్ములో కలిసిపోయింది. ఆయనకు ఏడుపొచ్చింది. పార్టీ కండువాతోనే కళ్లు తుడుచుకున్నాడు.

"సార్, నా పెండ్లాం పాయ," అన్నాడు శశికుమార్ దగ్గర నిలబడి. "ఊళ్లో ఒక్కొక్కరే తాళమేసి బెంగళూరు పోతాండారు. ఇంగేం మాటుంది సార్ మీ కాడ?"

"దిగులుపడొద్దప్పా. అన్నింటికంటే పెద్దమాట కాడికొచ్చినాం. ఆపర్చునిటీ!"

"దానికేం చేయల్ల సార్?"

"ప్రారంభోత్సవం."

ఊరి మొదట్లో స్వాగతద్వారం లేచింది. దాని మీద 'ప్రాబ్లం లేని పల్లె' అని రంగురంగుల అక్షరాలు. ప్రారంభోత్సవం పొద్దున రెండు నీళ్ల ట్యాంకర్లు ఊళ్లోకి రావడం చూసి ఆదెన్నకు ప్రాణం లేచొచ్చింది. ఇంట్లో ఉన్న బిందెలన్నీ ఎత్తుకుని ఎదురు పరుగెత్తాడు.

"ఏయ్, పక్కకు జరుగప్పా!" అని డ్రైవరు అరిచాడు. "ఇవి రోడ్డుకు. మంత్రిగారికి దుమ్ము పడదు."

రెండు ట్యాంకర్లూ ఆఖరి చుక్క దాకా రోడ్డు మీదే పోసి వెళ్లిపోయాయి. ఎర్రమట్టి రోడ్డు చల్లగా, మెత్తగా, కమ్మని వాసనతో తయారైంది. పక్క ఊళ్ల నుంచి ఆటోల్లో జనాన్ని దించారు. మంత్రిగారు రిబ్బను కత్తిరించి, "ఎవరికైనా ఏదైనా చెప్పుకునేది ఉండాదా?" అని నాలుగు దిక్కులకూ తిరిగి అడిగారు. ఊరివాళ్లలో జెండా పట్టుకున్న ఆదెన్న తప్ప ఎవరూ లేరు కాబట్టి ఎవరూ చెయ్యెత్తలేదు. ఒక్క అర్జీ కూడా రాని ఊరు రాష్ట్రంలో ఇదే అయ్యుంటుందని విలేకరులు రాసుకున్నారు.

"ఏమప్పా, ఇండ్లన్నిటికీ తాళాలేసి ఉండాయే?" అని మంత్రిగారు వేదిక మీద నుంచే అడిగారు.

ఆదెన్న నోరు తెరిచేలోపే శశికుమార్ వంగి చెప్పాడు. "మొబిలిటీ సార్."

"భేష్!" అన్నారు మంత్రిగారు.

అప్పుడే ఆదెన్న జేబులో ఫోను మోగింది. తిమ్మక్క. ఇల్లు విడిచి పోయాక ఆమె ఫోను చేయడం ఇదే మొదలు. గొంతులో కోపం లేదు.

"ఏమయ్యా, టీవీలో మన ఊరు చూపిస్తాండారు. నేలంతా తడిగా ఉండాదే! నీళ్లొచ్చినాయా? బట్టలు సర్దుకోనా?"

అబద్ధం చెబుదామనుకున్నాడు ఆదెన్న. నోరు రాలేదు.

"వచ్చినాయి."

"ఎవురింటికి?"

"రోడ్డుకు."

అవతల టీవీ కట్టేసిన చప్పుడు వినబడింది.

"అయితే ఆ రోడ్డుతోనే కాపురం చెయ్యి," అని తిమ్మక్క ఫోను పెట్టేసింది.